ఉరుకుందమ్మ మిద్దె మీది కొట్లాట

అనగా అనగా, కొండలింకా పడుచుగా ఉన్న రోజుల్లో, మబ్బులు మనుషుల తలలకు తగిలేంత కిందుగా పోయే రోజుల్లో, బండగట్టు అని ఒక ఊరు. ఆ ఊళ్లో గోడలు రాళ్లు, దారులు రాళ్లు, మనుషుల మొండితనం కూడా రాయే. ఒక్క మిద్దెలే మట్టివి.

రాతి గోడల మీద మట్టి మిద్దె ఎట్లా కూర్చుంటుందో తెలియనివాళ్లకు చెప్తాను, వినండి. గోడల మీద దూలాలు. దూలాల మీద అడ్డంగా పరిచే సన్న కట్టెలు, దంతెలు. దంతెల మీద కంప, కంప మీద గడ్డి, గడ్డి మీద తడిమట్టి, అన్నిటికీ పైన చౌడు. చౌడంటే బూడిదలాంటి ఉప్పుమన్ను. నీళ్లు తగిలితే అది మెత్తగా మూసుకుపోయి చుక్కను కిందికి దిగనీదు. కాకపోతే దాన్ని తొక్కాలి. పదిమంది ఎక్కి పొద్దంతా తొక్కాలి. తొక్కని మిద్దె, మిద్దె కాదు, జల్లెడ.

ఆ ఊళ్లో ఉరుకుందమ్మ అని ఒకామె ఉండేది. మొగుడు పోయి చానా ఏళ్లయింది. ఒకటే కూతురు, సవారమ్మ. వాగు అవతలి నేలలో చౌడు తవ్వి, గంపకెత్తి, ఊళ్లోవాళ్ల మిద్దెలకు మోయడం ఉరుకుందమ్మ బతుకు. గంపకింతని జొన్నలు పెట్టేవాళ్లు. ఊళ్లో ఏ మిద్దె మీద చూడు, ఆమె మోసిన మన్నే.

మనిషి పొట్టి, గంప పెద్దది. దూరం నుంచి చూస్తే గంపకే కాళ్లొచ్చి నడుస్తున్నట్టు ఉండేది. ఇంకో సంగతి, ఆమె నోట్లో "కాదు" అనే మాట పుట్టనేలేదు. ఎవరేం చెప్పినా ఒకటే జవాబు.

"ఉరుకుందమ్మా, మా దూడను రోంత చూస్తాండు."

"అట్లే కానీ."

"ఉరుకుందమ్మా, రేపు తెచ్చే మన్ను ఈ పొద్దే తే."

"అట్లే కానీ."

"ఉరుకుందమ్మా, నీ గంప నీడ నా మీద పడేట్టు నిలబడు, ఎండ కొడతాంది."

"అట్లే కానీ."

ఊరందరికీ మోసీ మోసీ, తన మిద్దెకు మోసుకునే పొద్దు ఆమెకు దొరకలేదు. ఆ మిద్దె మీద గడ్డి మొలిచింది. గడ్డిలో పిచ్చుకలు కాపురం పెట్టాయి. ఒక ఏడు గుమ్మడితీగ పాకి రెండు కాయలు కూడా కాసింది. ఉరుకుందమ్మ ఆ కాయలు వండుకుని తిని, ఇల్లే తనకు కూడు పెట్టిందని మురిసిపోయింది. అంత మంచిది.

ఇట్లా ఉండగా అత్తింట్లో ఉన్న సవారమ్మకు కడుపొచ్చింది. మొదటి కాన్పు. మొదటి కాన్పు పుట్టింట్లో జరగాలి కదా! అందుకని సవారమ్మ అత్త, దస్తగిరమ్మ, ఇల్లు చూసిపోదామని వచ్చింది. మహా గట్టి మనిషి. ఆమె నడిచొస్తుంటే కుక్కలు మొరగడం ఆపి దారిచ్చేవి.

ఉరుకుందమ్మ పీట వేసింది. ముంతలో మజ్జిగ ఇచ్చింది. దస్తగిరమ్మ ముంత ఎత్తింది. పైనుంచి మట్టిపెళ్ల ఒకటి ఊడి, తిన్నగా ముంతలో పడింది.

దస్తగిరమ్మ వేలు పెట్టి పెళ్లను బయటికి తీసి, తిప్పి తిప్పి చూసింది.

"వదినా, మజ్జిగలో ఉప్పేస్తావనుకుంటి. మిద్దే వేసిస్తివే!"

ఉరుకుందమ్మ తల దించుకుంది.

"నాకు నీ మీద పగేం లేదు," అంది దస్తగిరమ్మ. "కానీ మా కోడలు ఈ కప్పు కింద కనదు. పురుడు జరిగేది వానల్లో. తల్లీ బిడ్డా తడిసి ముద్దయితే ఎవరు బాధ్యులు? కప్పు మార్చు. యాభై రోజులిస్తా. ఆరుద్ర కార్తెకు ముందొచ్చే సోమవారం కోడల్ని బండిలో తోలుకొస్తా. మూడు కడవల నీళ్లు మిద్దె మీద కుమ్మరిస్తా. ఒక్క చుక్క కింద పడిందా, బండి తిప్పుకుని పోతా. కాన్పు మా ఇంట్లోనే."

"అట్లే కానీ వదినా," అంది ఉరుకుందమ్మ. ఇంకేమంటుంది పాపం!

మూడో రోజు కూతురి దగ్గరనుంచి గాజుల మనిషి చేత కబురొచ్చింది. "అమ్మా, నాకు దిగులుగా ఉంది. నీ చెయ్యి పట్టుకునే కంటా. వేరే చెయ్యి వద్దు." గాజుల మనిషి ఆ మాట చెప్పి వెళ్లిపోయాడు. ఉరుకుందమ్మ తన చేతులు ముందుకు చాచి చూసుకుంది. చౌడు తిని తిని పగుళ్లు బారిన చేతులు. ఈ చేతులే కావాలంట బిడ్డకు. అంతే, కొంగు బిగించింది.

పాత కప్పు విప్పింది. ఒంటరిగా, గంప గంపగా దించింది. దించుతుంటే మట్టిలో మూడు వస్తువులు దొరికాయి. తన అత్త ఎప్పుడో పోగొట్టుకున్న గరిటె ఒకటి. మొగుడి పొగాకు తిత్తి ఒకటి. సవారమ్మ చిన్నప్పుడు ఏడ్చి ఏడ్చి వెతికిన మట్టిబొమ్మ ఒకటి. ఆమె బొమ్మను తుడిచి గూట్లో పెట్టింది. దూలాలూ దంతెలూ గట్టిగానే ఉన్నాయి. వాటి సందుల్లోంచి ఆకాశం నీలం నీలంగా ఇంట్లోకి దిగి, రోటి దగ్గరా పొయ్యి దగ్గరా తిరిగింది. కప్పు లేని ఇల్లు ఎంత అందంగా ఉంటుందో! కానీ అందంలో కాన్పు చేయలేం కదా.

ఊరంతా దుక్కుల్లో ఉంది. సాయం రమ్మంటే వచ్చేవాళ్లు లేరు. మిగిలింది ముగ్గురు. ఎదురింటి బండ అరుగు మీద ముగ్గురు పెద్దమనుషులు. కంబగిరి తాత, లాలెప్ప మామ, మౌలాలి అన్న.

కంబగిరి చేతిలో కట్టె ఉంటుంది, దేన్నయినా దాంతోనే చూపిస్తాడు. లాలెప్ప నోట్లో తమలపాకు ఉంటుంది, ఉమ్మేస్తే గానీ మాట రాదు. మౌలాలి ఏం చెప్పినా "మా నాయన కాలంలో" అని మొదలుపెడతాడు. బండగట్టులో ఒక ఆచారం ఉంది. మిద్దె లేస్తుంటే పెద్దలు మాటసాయం చేయాలి. ఆ మాట తీసేయకూడదు. చెయ్యిసాయం గురించి మాత్రం ఆచారంలో ఏమీ లేదు. అందుకని వాళ్ల చేతులు ఒళ్లో హాయిగా నిద్రపోయేవి.

ఉరుకుందమ్మ కంప పరిచింది, గడ్డి పరిచింది. మన్ను ఎత్తబోతుంటే కంబగిరి కట్టె లేచింది.

"ఉరుకుందమ్మా! వాలు ఎటు పెడతాండావు?"

"ఇంకా అనుకోలేదు తాతా."

"సూర్యుడు లేసేది యాడ? తూర్పున. నీళ్లు కూడా తూర్పుకే పోవాల. తూర్పున దోనె పెట్టు."

దోనె అంటే మిద్దె మీది నీళ్లను గోడకు దూరంగా కక్కే రాతి గొట్టం.

"అట్లే కానీ తాతా."

గంప ఎత్తింది. నిచ్చెన ఎక్కింది. మన్ను పోసింది. గంప ఎత్తింది. నిచ్చెన ఎక్కింది. మన్ను పోసింది. పన్నెండు రోజులకు తూర్పు వాలు తయారయింది.

పదమూడో రోజు లాలెప్ప బంధువుల ఊరినుంచి తిరిగొచ్చి, అరుగెక్కి, పైకి చూసి, తుపుక్కున ఉమ్మేశాడు.

"ఏమ్మే, తూర్పుకా? తూర్పున నా గడ్డివామి ఉందే! నీ మిద్దె నీళ్లకు నా వామి కుళ్లాల్నా? పడమటికి తిప్పు."

"అట్లే కానీ మామా."

తూర్పున ఉన్నదంతా గీకి, గంప ఎత్తింది, పక్కకు మోసింది, మన్ను పోసింది. ఇంకో పన్నెండు రోజులు.

మర్నాడు మౌలాలి గడ్డం నిమురుకున్నాడు.

"మా నాయన కాలంలో మిద్దెలన్నీ ఉత్తరం వాలే సెల్లెలా. ఒక్క మిద్దె కారిందా?"

"మీ నాయన కాలంలో వాన పడింటే గదా కారేది!" అన్నాడు లాలెప్ప. "ఏడేండ్లు కరువప్పా అది!"

"కరువులో కూడా కారలేదు. అదీ మా నాయన!" అన్నాడు మౌలాలి.

ఉరుకుందమ్మ ఇద్దరినీ చూసింది. ఎవరినీ నొప్పించడం ఆమెకు చేతకాదు. "అట్లే కానీ అన్నా."

గంప ఎత్తింది. మోసింది. పోసింది. ఇంకో పన్నెండు రోజులు. మన్ను ఇటు తోసి అటు తోసి, గాలికి సగం ఎగిరిపోయింది. మిద్దె మీద మూడు వాలులూ ఉన్నాయి, ఏ వాలూ లేదు. తొక్కిన పాదం ఒక్కటి లేదు, ఆమె రెండు పాదాలు తప్ప. ఆ పొట్టి మనిషి ఎంత తొక్కితే ఏమవుతుంది? కోడిపెట్ట గెలికినట్టుంది.

నలభై ఏడో రోజు ఎండాకాలపు మబ్బు ఒకటి, ఎవరో తరిమినట్టు పరుగెత్తుకొచ్చి, ఒక్క జల్లు కురిసి పోయింది. ఒక్కటంటే ఒక్క జల్లు. ఉరుకుందమ్మ ఇంట్లో మోకాటి కింది దాకా నీళ్లు. రోట్లో కప్ప కూర్చుంది. పొయ్యిలో కట్టెపుల్లలు తేలాయి.

అరుగు మీద ముగ్గురూ తలలు ఊపారు.

"నా మాట పూర్తిగా వినకపాయె," అన్నాడు కంబగిరి.

"నా మాట ముందే వినకపాయె," అన్నాడు లాలెప్ప.

"మా నాయన మాటే వినకపాయె," అన్నాడు మౌలాలి.

మధ్యాహ్నం ఎండలో ఉరుకుందమ్మ మిద్దె మీద కూర్చుని ఏడ్చింది. ఎవరి మీదా కోపం లేదు. అక్కడినుంచి కూతురి ఊరి బాట కనబడుతుంది, రెండు గుట్టల మధ్య తెల్లటి దారంలాగా. నాలుగు రోజుల్లో ఆ దారం మీద బండొస్తుంది. నీళ్లు పోస్తారు, చుక్క పడుతుంది, బండి తిరిగిపోతుంది. నా బిడ్డ నొప్పులతో చెయ్యి చాచినప్పుడు ఆ చేతికి నా చెయ్యి అందదు. ఈ ఒక్క తలపే ఆమె గుండెలో గిర్రున తిరిగింది.

మర్నాడు తెల్లారి, కళ్లు ఉబ్బిపోయి, మళ్లీ గంప ఎత్తుకుని నిచ్చెన దగ్గరికొచ్చింది. కంబగిరి కట్టె లేచింది.

"ఉరుకుందమ్మా, ఇప్పుడు నేను చెప్తా విను..."

"అట్లే కానీ తాతా," అంది. అని, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఇంకో మాట కలిపింది. "పైకొచ్చి చూపిచ్చు. కింద నుంచి నాకు తెలీడంల్యా."

మాటసాయం చేసేవాడు రానంటే బాగుండదు. కంబగిరి గొణుక్కుంటూ అరుగు దిగాడు. నిచ్చెన మొదటి మెట్టు మీద కాలు పెట్టాడు. ఉరుకుందమ్మ ఆయన చేతులకేసి చూసి తెల్లబోయింది.

"అయ్యో తాతా! వట్టి చేతుల్తోనా?"

"వట్టి చేతుల్తో కాక?"

"కడుపుతో ఉన్న బిడ్డను చూడబోతే వట్టి చేతుల్తో పోతామా? పండో, బెల్లమో, ఏదో ఒకటి పట్టకపోతాం గదా. ఇది కూడా నిండుగా ఉండే మిద్దె తాతా. ఇంకా కనలేదు. దీన్ని చూడబోయేటప్పుడు ఒక గంప మన్నన్నా పట్టకపోవల్ల."

తెలివితో అన్న మాట కాదది. కళ్ల నిండా కూతురే ఉంది, నోట్లోకి అదే వచ్చింది. కానీ ఆ మాట విన్నాక కంబగిరికి అడుగు ముందుకు పడలేదు. వెనక్కీ పడలేదు. వెనక లాలెప్ప నవ్వుతున్నాడు.

"ఏం తాతా, కడుపుతో ఉండేదాన్ని చూడ్డానికి కట్టె పట్టుకుని పోతావా? ఎత్తు గంప!"

కంబగిరికి రోషం పొడుచుకొచ్చింది. కట్టె పారేశాడు. గంప ఎత్తాడు. యాభై ఏండ్ల తరువాత గంప ఎత్తాడు! నిచ్చెన ఎక్కాడు. మన్ను తూర్పున పోశాడు. కాలితో దబదబా తొక్కి, "ఇదీ వాలంటే!" అని అరిచాడు.

తూర్పు అనే మాట చెవిన పడగానే లాలెప్ప ఉమ్మేయడం కూడా మరిచిపోయాడు. "నా వామి!" అని లేచాడు. గంప ఎత్తాడు. నిచ్చెన ఎక్కాడు. పడమట పోశాడు.

వాళ్లిద్దరే పైన ఉంటే మౌలాలి నాయన పేరు ఏమయిపోవాలి? ఆయనా గంప ఎత్తాడు. నిచ్చెన ఎక్కాడు. ఉత్తరాన పోశాడు.

ఇక చూడాలి కొట్లాట!

"తూర్పు!" అని కంబగిరి కాలితో తన్నేవాడు, దబ్.

"పడమర!" అని లాలెప్ప తన్నేవాడు, దబ్.

"ఉత్తరం!" అని మౌలాలి తన్నేవాడు, దబ్.

ఒకరి వెనక ఒకరు మిద్దె చుట్టూ తిరిగారు. కోపమొస్తే మనిషి ఊరికే నిలబడలేడు కదా, కాళ్లు వాటంతటవే ఆడతాయి. దప్పికయి కిందికి దిగినవాడు మళ్లీ ఎక్కాలంటే మళ్లీ గంప. మధ్యలో గుర్తొచ్చిన మాట చెప్పాలంటే మళ్లీ గంప. చుట్ట కాల్చుకుని వచ్చి "ఇందాక నువ్వేమంటివి?" అని అడగాలన్నా మళ్లీ గంప. ఉరుకుందమ్మ ఒకటే పని చేసింది. కుండతో నీళ్లు చిలకరిస్తూ, వాళ్ల వెనకాలే నడుస్తూ, ముగ్గురికీ "అట్లే కానీ, అట్లే కానీ" అంటూ తిరిగింది.

పొద్దు వాలేసరికి చేలనుంచి వచ్చేవాళ్లు ఆగిపోయారు. ఎర్రటి ఆకాశం మీద ముగ్గురు ముసలాళ్లు చేతులూపుతూ ఎగురుతున్నారు. ఎంత చక్కటి బొమ్మ! దేవతలు పోట్లాడుకుంటే అట్లాగే ఉంటుందేమో!

"ఏం జరగతాంది ఆడ?"

"వాలు ఎటు పెట్టాల్నో తేలలేదంట."

"దాంట్లో తేలేదేముంది? దక్షిణం పెడితే పాయె!"

"కిందనుంచి అరిస్తే వినపడదు. గంప ఎత్తుకుని పో."

అంతే. వాలు గురించి తెలియని రైతు ఆ ఊళ్లో ఉన్నాడా? ఆ సాయంత్రం ఇరవై గంపలు ఎక్కాయి. మర్నాడు నలభై. మూడో రోజు ఆడవాళ్లు కూడా వచ్చారు. "మగోళ్లకు ఏం తెలుసు? ఇల్లు ఊడ్చి నీళ్లెత్తిపోసేది మేము," అని వాళ్లదొక జట్టు. ఒక పెద్దావిడకు వాలు సంగతే పట్టలేదు, తోటికోడలు ఏం చెప్తే దానికి అడ్డం చెప్పడానికే మూడు గంపలు మోసింది. మిద్దె మీద సందు లేదు. అరుపులు, కేకలు, నవ్వులు, దబ్ దబ్ దబ్. వాగు అవతల చౌడునేలలో ఒక గుంతే పడింది.

మూడో రోజు సాయంత్రానికి అందరి గొంతులూ పోయాయి. మాట రాక ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ దిగారు. అప్పుడు చూస్తే ఏముంది! తూర్పుకు లాగినవాళ్లు తూర్పుకు, పడమటికి లాగినవాళ్లు పడమటికి, ఉత్తరానికి లాగినవాళ్లు ఉత్తరానికి తొక్కడంతో, మిద్దె నడుమ ఎత్తుగా, మూడు పక్కలకూ వాలుగా, తాబేటి వీపులాగా వచ్చింది. దక్షిణం వాళ్లు తక్కువమంది, పాపం ఓడిపోయారు. ఉరుకుందమ్మ మూడు పక్కలా మూడు దోనెలు పెట్టింది. లాలెప్పకు మాత్రం తూర్పు దోనె కింద ఒక కాలువ తీసి, వామికి తగలకుండా నీళ్లు వాగుకు మళ్లించింది. ముగ్గురు పెద్దలూ ఎవరి దోనె కింద వాళ్లు నిలబడి, "చూస్తిరా, నా మాటే నెగ్గింది," అన్నారు గుసగుసగా. గొంతులు లేవు మరి.

సోమవారం వచ్చింది. తెల్లటి దారం మీద బండొచ్చింది. బండిలో సవారమ్మ, నిండు చందమామలాగా. ఆమె అమ్మకేసి చూసి నవ్వింది, దిగబోయింది.

"ఆగు!" అంది దస్తగిరమ్మ. "కాలు కింద పెట్టొద్దు. నీళ్లు పోసేదాకా బండిలోనే ఉండు." ఎద్దులను కూడా విప్పనీయలేదు. ఎటూ తిప్పుకుపోయేవే కదా అని.

కడవ చంకన పెట్టుకుని నిచ్చెన దగ్గరికొచ్చింది. కంబగిరి అడ్డం నిలబడ్డాడు.

"గంప లేకుండా ఎక్కకూడదమ్మో."

"కడవ ఉండాది గదా! ఇది వట్టి చెయ్యా? జరుగు."

కంబగిరి జరిగాడు. న్యాయమైన మాట.

లోపల పదిమంది ఆడవాళ్లు అరచేతులు పైకి చాచి కూర్చున్నారు, చుక్క పడితే పట్టుకోవడానికి. వాళ్లలో సాక్షిగా దస్తగిరమ్మ చెల్లెలు కూడా ఉంది. ఉరుకుందమ్మ గుమ్మం దగ్గరే నిలబడిపోయింది. లోపలికి చూడాలంటే భయం, బండివైపు చూడాలంటే ఇంకా భయం. బండిలోంచి సవారమ్మ చెయ్యి ఒకటి బయటికి వచ్చి, ఊచను గట్టిగా పట్టుకుని ఉంది.

మొదటి కడవ కుమ్మరించింది దస్తగిరమ్మ. నీళ్లు తూర్పు దోనెలోంచి గలగలా పోయాయి. లోపల చుక్క లేదు.

రెండో కడవ కుమ్మరించింది. పడమటి దోనెలోంచి పోయాయి. చుక్క లేదు.

మూడో కడవ ఎత్తింది. మిద్దె నడిబొడ్డునే కుమ్మరించింది. ఉత్తరం దోనె పాడింది. అప్పుడు...

టప్.

దస్తగిరమ్మ చెల్లెలి అరచేతిలో ఒక చుక్క!

"పడింది అక్కా! పడింది!"

ఉరుకుందమ్మ గుమ్మానికి ఆనుకుని అట్లాగే జారిపోయింది. బండివాడు పగ్గం లాగాడు. ఎద్దులు మెడలు తిప్పాయి.

"ఆగప్పా, ఆగు!" అని లోపలినుంచి ఒక ముసలమ్మ అరిచింది. "ఈ చుక్క ఎర్రగా ఉందేమి?"

అందరూ తలలు పైకెత్తారు. వెలుగు కోసం మిద్దెకు వదిలి, నీళ్లు దిగకుండా చుట్టూ గట్టు కట్టిన గవాక్షంలోంచి, పైకి ఎప్పుడెక్కాడో, లాలెప్ప మొహం కనిపించింది. లోపల ఏం జరుగుతోందో చూద్దామని వంగాడు, నోటి నిండా తమలపాకు. చుక్క ఆయనది.

"ఛీ!" అని దస్తగిరమ్మ చెల్లెలు చెయ్యి విదిలించింది.

ఊరు ఊరంతా నవ్వింది. ఎద్దులు కూడా నవ్వాయని చెప్తారు, నేను నమ్ముతాను. దస్తగిరమ్మ నవ్వకుండా చానాసేపు మొహం బిగబట్టింది. తరువాత పైటచెంగు నోటికి అడ్డం పెట్టుకుంది, భుజాలు కదిలాయి. నిచ్చెన దిగి, ఉరుకుందమ్మ దగ్గరికొచ్చి, చెయ్యి పట్టి లేపింది.

"లే వదినా. నీ బిడ్డను దింపుకో. మా ఊళ్లో నా మిద్దె కూడా కారతాంది. ఎప్పుడొస్తావో చెప్పు."

"అట్లే కానీ వదినా," అంది ఉరుకుందమ్మ. ఏడుస్తూ, నవ్వుతూ.

వానలొచ్చాయి. ఒక ముసురు పట్టింది, మూడు పగళ్లు, మూడు రాత్రులు. మూడు దోనెలూ మూడు రాగాలు తీశాయి. ఆ ముసురు నడుమ, పొడి నేల మీద, అమ్మ చెయ్యి పిప్పి అయ్యేట్టు పట్టుకుని, సవారమ్మ ఆడపిల్లను కనింది. ఉరుకుందమ్మ చెయ్యి వారం రోజులు వాచింది. ఆ వాపును ఆమె నగలాగా అందరికీ చూపించుకుంది.

తరువాత చానా ఏళ్లు బతికింది. చానా మిద్దెలకు మన్ను మోసింది. "ఉరుకుందమ్మా, అంత తెలివి నీకెట్లా వచ్చింది?" అని అడిగితే, "ఏం తెలివి నాయనా, పెద్దోళ్లు చెప్పిరి, నేను చేస్తి," అనేది. నిజంగానే అట్లా అనుకునేది.

ఒక చలికాలం ఉదయం, గంప పక్కన పెట్టుకుని కాసేపు కూర్చుంటానని కూర్చుని, ఆమె ఇక లేవలేదు. మట్టి చేసేటప్పుడు మనిషికొక పిడికెడు మన్ను వేయడం ఎక్కడైనా ఉన్నదే. బండగట్టు జనం పిడికెడుతో రాలేదు. వట్టి చేతుల్తో ఎట్లా పోతామని, మనిషికొక గంప మోసుకొచ్చారు. దస్తగిరమ్మ ఊరినుంచి కూడా వచ్చారు. ఆ చిన్న మనిషి మీద కొండంత దిబ్బ లేచింది. అందరూ తల వంచుకుని నిలబడ్డారు. వెనకనుంచి, అప్పటికి పండు ముసలివాడైన మౌలాలి అన్నాడు.

"వాలు ఉత్తరానికి ఉండల్ల."

"యాడ ఉత్తరం? పడమటికి!" అన్నాడు లాలెప్ప, కళ్లు తుడుచుకుంటూ.

పొద్దు గూకేదాకా కొట్లాడారు. దిబ్బ చుట్టూ తిరిగి తిరిగి తొక్కారు. ఏ వానకూ ఆ దిబ్బ కరగలేదు.

అదిగో, ఆనాటినుంచి ఆ పక్క ఊళ్లలో మిద్దెకు కప్పు మార్చేటప్పుడు నిచ్చెన మొదట్లో ఒక గంప పెడతారు. దాని పేరు ఉరుకుందమ్మ గంప. పైకి పోవాలంటే దాన్ని నింపుకునే పోవాలి, ఊరి పెద్దయినా సరే, కొత్త అల్లుడైనా సరే. మిద్దె తొక్కేటప్పుడు మూడు జట్లుగా చీలి వాలు గురించి కావాలనే కొట్లాడతారు. కొట్లాట చప్పగా ఉంటే ఇంటావిడ ఒప్పుకోదు. "ఇట్లా కొట్లాడితే కారతాదప్పా, రోంత గట్టిగా తిట్టుకోండి!" అని ఇంకో ముంత మజ్జిగ ఇస్తుంది. ఏ ఇంట్లో అయినా పని చేసేవాళ్ల పక్కన నిలబడి ఎవరైనా సలహాలు మొదలుపెడితే, ఎవరూ ఆ మనిషి నోటికేసి చూడరు. నెత్తికేసి చూస్తారు.

"చెప్పన్నా, వింటాం," అంటారు. "గంప ఏదీ?"

ఇంతవరకూ నేను మోసిన గంప ఇది. మీ ముందర దించాను. వాలు ఎటో మీరే తేల్చుకోండి.